ఇరవైమూడు జతలు, ఒక్క జత

ఆవిడ అసలు పేరు తపాలా ఆఫీసు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడదు. అందరూ టెలిగ్రాం అంటారు. పది మాటలు పట్టే విషయాన్ని మూడు మాటల్లో తేల్చేసి, ఆ మూడూ అయ్యాక ఊరుకునే మనిషి కాబట్టి ఎవరో పెట్టారు. ఎవరు పెట్టారో ఆవిడ అడగలేదు. ఇరవైరెండేళ్లుగా ఉత్తరాలు పంచుతోంది. పదహారేళ్లు సైకిలు మీద, ఆరేళ్లు ఆఫీసు వాళ్లిచ్చిన మోటారు సైకిలు మీద. వయసు నలభై తొమ్మిది. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఒక్కతే కూతురు, పెళ్లయి ఆరేళ్లు, ఒక పిల్లాడు, నాలుగు వీధుల అవతల కాపురం.

ఆవిడ ఉత్తరాలు పంచేది కొండ బీటులో. రైలు గేటు దాటిన దగ్గర నుంచి రోడ్డు పద్నాలుగు కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. దారిలో కంకర క్వారీ, ఒక బడి, ఛాతీ జబ్బుల ఆసుపత్రి, అక్కడక్కడా విసిరేసినట్టు ఇళ్లు. రోడ్డు ఆగిపోయిన చోట గడియారాలు బాగుచేసే ముసలాయన ఇల్లు. ఆయనకు వారానికో చిన్న పార్సిలు వస్తుంది. చేతికందగానే చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసుకుంటాడు. ఆసుపత్రిలో వరండా మంచాల మీద వాళ్లు బండి చప్పుడు వినగానే లేచి కూర్చుంటారు. ఉత్తరం లేనివాళ్లు కూడా లేచి కూర్చుంటారు. అది చూడని రోజు ఆవిడకు అన్నం తిన్నట్టుండదు.

ఆ బీటు పోయే పరిస్థితి ఒక సోమవారం ఉదయం వచ్చింది.

అంతకు ముందు నెల ఒంటె పడ్డాడు. ఒంటె అంటే ఆఫీసులో అందరికన్నా పొడుగు పోస్టుమాను. సంత రోడ్డులో బండికి అడ్డంగా ఆటో వస్తే బ్రేకు తొక్కాడు, వెనక చక్రం పక్కకు ఈడ్చుకుపోయింది, మెడ కింద ఎముక విరిగింది. దానిమీద పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది. పోస్టుమాస్టరు అందరినీ నిలబెట్టి చదివాడు. పద్నాలుగు రోజుల తర్వాత పరీక్ష. నలభై వేగంతో వచ్చి, మొదటి తెల్లగీత మీద బ్రేకు మొదలుపెట్టి, పన్నెండు మీటర్లలో ఆగాలి. పొడి నేల మీద రెండు అవకాశాలు, ఏదో ఒకటి నెగ్గితే చాలు. తడి నేల మీద పదహారు మీటర్లు, అవకాశం ఒక్కటే. నేలమీద టైరు గీత జానెడు దాటి పడకూడదు. తప్పినవాళ్లకు బండి ఉండదు, ఉత్తరాలు వేరుచేసే సార్టింగు గదిలో పని.

"నావల్లే వచ్చింది మీకందరికీ ఈ తద్దినం," అన్నాడు ఒంటె, చేతిని మెడకు వేలాడేసుకుని.

"నువ్వు పడితే పడ్డావు, మమ్మల్నీ పడేస్తున్నావు కదరా!" అన్నారెవరో వెనక నుంచి.

అందరూ నవ్వారు. టెలిగ్రాం నవ్వలేదు. సార్టింగు గది వైపు చూసింది. ఆ గదిలో వాళ్లు చెడ్డవాళ్లేం కారు. కానీ ఆ గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీ పక్కింటి గోడలోకి తెరుచుకుంటుంది. పొద్దున ఎనిమిదికి వేసిన ట్యూబులైటు సాయంత్రం ఐదుకు ఆర్పుతారు. ఉత్తరాలన్నీ ఆ గదిలోంచే వెళ్తాయి గాని, వాటిని అందుకునే చెయ్యి ఒక్కటీ అక్కడ కనబడదు.

ఆ సాయంత్రం ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో ఆవిడ బండి తీసింది. ఒంటె అడుగులతో కొలిచి గీత గీశాడు. ఆవిడ వచ్చింది, బ్రేకు తొక్కింది, ఆగింది. ఒంటె మళ్లీ అడుగులతో కొలిచాడు. ఇరవై ఒక్క మీటర్లు. మళ్లీ వచ్చింది. మళ్లీ ఇరవై ఒకటి, వెనక చక్రం గీసిన నల్లటి చార.

"అక్కా, ముందు బ్రేకు వెయ్యవేం?"

"వెయ్యను."

"వెయ్యకపోవడమేంటి?"

"అలవాటు లేదు."

ఒంటె బాగున్న చేత్తో హ్యాండిలు మీది ముందు బ్రేకు పట్టుకుని నొక్కాడు. అది ఏ అడ్డూ లేకుండా వచ్చి పిడికి తగిలింది. రెండోసారి నొక్కి చూశాడు. "ఇది బ్రేకా, బట్టలారేసే క్లిప్పా? ఇన్నాళ్లూ ఆ కొండ ఎలా దిగావక్కా నువ్వు?"

జవాబు ఆవిడ ముందు పంటిలో ఉంది. పదమూడేళ్లప్పుడు అద్దె సైకిలు మీద వంతెన దిగుతూ, ఎదురుగా కుక్క వస్తే ముందు బ్రేకు గట్టిగా పట్టేసింది. వెనక చక్రం లేచింది. సైకిలు మీదనుంచి ఎగిరి ముఖం మీద పడింది. పన్ను సగం విరిగింది. అన్నయ్య లేపి, మట్టి దులిపి, "ముందు బ్రేకు జోలికి మాత్రం ఎప్పుడూ పోకు" అన్నాడు. ఆవిడ పోలేదు. ఉద్యోగంలో చేరాక సైకిలుకు ముందు బ్రేకు రబ్బర్లు తీయించేసింది. ఆఫీసు వాళ్లు మోటారు సైకిలు ఇచ్చిన వారం, కూతురి పెళ్లయిన నెల, కొత్తల్లుడి దగ్గరికి తీసుకెళ్లి ఆ ముందు బ్రేకు కాస్త వదులు చెయ్యమంది. "అలాగే అత్తయ్యా" అన్నాడు అతను. వదులు చేశాడు.

అల్లుడిది బ్రేకుల షాపు. చక్రం లోపల ఒరుసుకుని బండిని ఆపే బ్రేకు షూలు అరిగితే, వాటికి కొత్త లైనరు పట్టీ అతికించి, అవి ఒరుసుకునే డ్రమ్ములు నునుపు చేసి ఇస్తాడు. మేడ మీద ఇల్లు, కింద షాపు. మంచి పనివాడని పేరు. మాట మాత్రం టెలిగ్రాం కన్నా పొదుపు. అత్త ఎదుట మరీను. పెళ్లయిన కొత్తలో కూతురు నవ్వేది. "మీ ఇద్దరి మధ్యా నేను లేకపోతే ఒకరు అడగరు, ఒకరు చెప్పరు. ఇల్లంతా మూగనోమే."

ఆవిడ నేరుగా షాపుకు వెళ్లింది.

"ముందు బ్రేకు పనిచెయ్యట్లేదు."

అల్లుడు గుడ్డకు చేతులు తుడుచుకున్నాడు. "అవునత్తయ్యా."

"మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మీరు వదులు చెయ్యమన్నప్పటినుంచి. నేనే కదా చేశాను."

ఆవిడ చేతిలోని కాగితం అతనికిచ్చింది. అతను చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. తర్వాత స్టూలు వేసుకుని పై అరలోంచి ఒక రేకు డబ్బా దించి, మూత తీసి ఆవిడ ముందు పెట్టాడు. డబ్బా నిండా అర్ధచంద్రాల్లాంటి బ్రేకు షూలు, జతలు జతలుగా తీగతో కట్టి ఉన్నాయి. ఒక్కోదాని మీద లైనరు కాగితమంత పలచగా అరిగిపోయి ఉంది. కొన్నిటి మీద అసలు లేదు, ఇనుమే.

"ఇవన్నీ మీవే. వెనక చక్రానివి. ఇరవైమూడు జతలు." డబ్బా పక్కనుంచి పాత పేపరులో చుట్టిన ఒక పొట్లం విప్పాడు. "ఇది ముందుది. ఒక్కటే జత. నాలుగేళ్ల కిందట తీసి, తుప్పు పట్టకుండా వేరేది వేశాను. కంపెనీ వాడు వేసిన రంగు కూడా పోలేదు చూడండి."

ఆవిడ ఆ జతను చేతిలోకి తీసుకుంది. నిజంగానే రంగు పోలేదు.

"ఎందుకు దాచారు ఇవన్నీ?"

అతను రేకు మూతను గుడ్డతో తుడిచాడు. "నోటితో చెప్పలేక. ఎప్పుడైనా చూపిస్తే చెప్పినట్టే కదా అని."

"ఆరేళ్లా?"

"ప్రతి ఆదివారం చెబుదామనే వచ్చేవాణ్ని అత్తయ్యా."

ఆదివారాలు. ప్రతి ఆదివారం ఉదయం అతను వచ్చేవాడు. లోపలికి రమ్మంటే "బండి కడిగి వస్తా" అనేవాడు. చక్రాలు విప్పేవాడు, బిగించేవాడు, రోడ్డు చివరిదాకా నడిపి చూసేవాడు, వెనక టైరు అరిగితే చెప్పకుండానే మార్చేవాడు. ఇంట్లోకొచ్చి పది నిమిషాలు కూర్చుని వెళ్లేవాడు. "మా అల్లుడు మనుషులతో కాదు, బండితో మాట్లాడతాడు" అని ఆవిడ పక్కింటివాళ్లతో అనేది. కొంచెం చిన్నచూపుగానే అనేది.

ఆవిడకు కోపం రావలసిన చోటు అది. వచ్చింది కూడా. అత్త మాట కాదనలేక మనిషిని సగం బ్రేకుతో కొండ మీదికి పంపుతారా ఎవరైనా? కానీ ఆ డబ్బాలో ఇరవైమూడు జతలున్నాయి. ఒక్కటి ఆలస్యంగా మార్చినా, ఆసుపత్రి దిగువన ఉన్న మెలికలో ఇనుము మీద ఇనుము జారేది. ఆరేళ్లలో ఒక్కటీ ఆలస్యం కాలేదు. ఆవిడ ఆ షూలను మళ్లీ పేపరులో చుట్టి ఇచ్చేసింది.

"పద్నాలుగు రోజులుంది. నేర్పుతారా?"

"అలాగే అత్తయ్యా."

మూతపడ్డ కలప డిపో వెనక సిమెంటు నేల ఉంది. మర్నాడు ఉదయం ఐదున్నరకు అక్కడ మొదలుపెట్టారు. రాత్రికి రాత్రే అతను ముందు కేబులు కొత్తది వేసి, వాడక గట్టిపడిన ముందు షూలను గరుకు కాగితంతో రుద్ది బిగించి తెచ్చాడు. మొదటిరోజు ఇంజను వెయ్యనివ్వలేదు. బండి పక్కన నడుస్తూ తోసుకెళ్లి, ముందు బ్రేకు ఒక్కదానితో ఆపమన్నాడు. ఆపిన ప్రతిసారీ బండి ముందుభాగం కిందికి వంగేది. వంగినప్పుడల్లా ఆవిడ వేళ్లు వాటంతటవే వదిలేసేవి.

"ఎగురుతుంది," అంది.

అతను బండికి స్టాండు వేశాడు. "అత్తయ్యా, భుజాన సంచితో గబగబా నడుస్తున్నారు. ఉన్నట్టుండి ఆగాలి. ఏ కాలి మీద ఆగుతారు?"

ఆవిడ నాలుగడుగులు వేసి ఆగి చూసుకుంది. ముందు కాలి మీద. వెనక కాలు ఊరికే నేలను తాకుతోంది.

"బండీ అంతే. బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. వంగడమంటే పడిపోవడం కాదు, ముందు టైరు నేలను గట్టిగా పట్టుకోవడం. అది పట్టుకున్నాకే మనం గట్టిగా నొక్కాలి. పట్టుకోకముందే నొక్కితే జారుతుంది."

అతను ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడగా ఆవిడ వినడం అదే మొదలు.

రెండో రోజు నుంచి నడిపింది. ఇరవై వేగం, ముప్పై వేగం. వేళ్లతో ముందు బ్రేకు, కాలితో వెనక బ్రేకు కొద్దిగా. మోకాళ్లతో పెట్రోలు ట్యాంకు నొక్కిపట్టాలి, లేకపోతే ఒంటి బరువు చేతుల మీద పడి హ్యాండిలు వణుకుతుంది. బ్రేకు వేసేటప్పుడు బండి నిటారుగా ఉండాలి. మలుపుంటే వేగం మలుపు ముందే తగ్గించెయ్యాలి, మలుపులో కాదు. ప్రతిసారీ ఆవిడ ఆగి అతని వైపు చూసేది. ప్రతిసారీ అతను "బాగానే ఉందత్తయ్యా" అనేవాడు.

బాగాలేదు. ఆవిడ నొక్కట్లేదు, ఒక్కసారిగా లాగేస్తోంది. అతనికి మొదటిరోజే కనబడింది. రెండోరోజూ మూడోరోజూ చెబుదామనుకున్నాడు. నాలుగో రోజు నేలమీద పల్చగా ఇసుక ఉన్నచోట ఆవిడ అలాగే లాగింది. ముందు చక్రం ఆగిపోయి జారింది. వేగం తక్కువ కాబట్టి మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది.

మేడ మీద కూతురు మందు రాస్తూ ఇద్దర్నీ కలిపి కడిగేసింది.

"నాలుగు రోజుల్నుంచి తప్పు చేస్తుంటే బాగుంది బాగుంది అన్నారా? మీ మర్యాద తగలెయ్య! మా అమ్మ ఎముకలు విరిగాక చెబుదామనుకున్నారా?"

"అత్తయ్యను ఎలా అంటాను?" అన్నాడు అతను, నేల చూస్తూ.

"ఎలా అంటారంటే, నోరు తెరిచి అంటారు. అమ్మా, నువ్వైనా చెప్పవే."

టెలిగ్రాం మోచేయి వెనక్కి లాక్కుంది. "అక్కడ నేను అత్తను కాను. నేర్చుకోడానికొచ్చినదాన్ని. రేపట్నుంచి నిన్ను నువ్వనే అంటాను. నువ్వూ తప్పయితే తప్పు అను."

"నావల్ల కాదత్తయ్యా."

"నోరు రాకపోతే హారన్ కొట్టండి!" అంది కూతురు, దూది విసిరేసి.

ఆ పిల్ల ఒళ్లు మండి అన్న మాటను అతను నిజంగానే పట్టుకున్నాడు. మర్నాడు ఉదయం షాపులో ఉన్న పాత స్కూటరు తోసుకొచ్చి గీత పక్కన నిలబెట్టి దానిమీద కూర్చున్నాడు. "బ్రేకు ఒక్కసారిగా లాగితే ఒక పొడుగు హారన్. వెనక చక్రం జారితే రెండు పొట్టివి. బాగుంటే కొట్టను," అన్నాడు ఎటో చూస్తూ.

ఆ ఉదయం డిపో పక్క వీధి అంతా లేచింది. ముప్పైసార్లు వస్తే ఇరవై ఏడుసార్లు హారన్ మోగింది. ఒక కిటికీ తెరుచుకుని ముసలావిడ తల బయటికొచ్చింది. "ఎవరయ్యా అది? పొద్దున్నే ఎవరి మీద పగ తీర్చుకుంటున్నావు?"

అల్లుడు చేతులు జోడించాడు. "మా అత్తగారండీ."

"అత్తగారి మీదా? అయితే కొట్టుకో నాయనా," అని కిటికీ వేసుకుంది.

టెలిగ్రాం ఆ రోజు బండి మీదే గట్టిగా నవ్వింది. విరిగిన పన్ను కనబడేలా నవ్వడం కూతురి పెళ్లిలో కూడా చూడలేదు అతను.

ఆరో రోజుకు హారన్లు పదిహేనుకు తగ్గాయి. తడిసిన బట్ట పిండినట్టు నొక్కమన్నాడు. ముందు మెల్లగా, నీళ్లు రావడం మొదలయ్యాక గట్టిగా. ఆ పోలిక ఆవిడ చేతికి వెంటనే తెలిసింది. ముప్పై ఏళ్లుగా బట్టలు పిండిన చెయ్యి అది. ఏడో రోజు వెనక క్యారియరు మీద ఇసుక మూటలు కట్టి, ఉత్తరాల సంచుల బరువుతో ఆపించాడు. వెనక బరువుంటే వెనక బ్రేకు కాస్త ఎక్కువ పనికొస్తుందనీ, అయినా ముందుదే పెద్ద చెయ్యి అనీ ఆవిడే కనుక్కుని చెప్పింది. ఆ మాటకు అతను హారన్ కొట్టలేదు. ఆరోజు మొత్తం హారన్లు ఎనిమిదే. కొండ మీద కూడా తేడా తెలిసింది. ఆసుపత్రి దిగువ మెలిక ముందు ఆవిడ ఎప్పుడూ పళ్లు బిగబట్టేది. ఆ వారం బిగబట్టడం మరిచిపోయింది.

తొమ్మిదో రోజు తడి నేల. అతను డబ్బాలతో నీళ్లు మోసి పోశాడు. ఆవిడ నలభైలో వచ్చి నొక్కింది. ముందు చక్రం చిన్నగా పక్కకు కదిలింది.

"వదలండి!"

ఆవిడ వేళ్లు వదిలాయి. చక్రం తిరిగింది, బండి నిలదొక్కుకుంది.

"మళ్లీ పిండండి! మెల్లగా! ఆఁ, ఇప్పుడు గట్టిగా!"

బండి ఆగింది. అతని గొంతు అంత పెద్దదని ఆవిడకు తెలియదు. అతనికీ తెలిసినట్టు లేదు. స్కూటరు దిగిపోయి నీళ్లలో నిలబడి ఉన్నాడు, చెప్పులు తడిసి.

"తప్పత్తయ్యా," అన్నాడు, గొంతు మళ్లీ తగ్గించి. "కిందికి చూస్తున్నారు. చక్రం ముందు నేలను చూస్తున్నారు. దూరం చూడండి. కళ్లు ఎక్కడుంటే బండి అక్కడికి పోతుంది."

"మళ్లీ అను."

"ఏంటత్తయ్యా?"

"మొదటి మాట."

"తప్పు," అన్నాడు అతను. ఈసారి నవ్వాడు.

ఆ తర్వాత స్కూటరు తేలేదు.

పరీక్ష రోజు అతను వస్తానన్నాడు. ఆవిడ వద్దంది. "నువ్వుంటే నీ మొహం చూస్తాను. దూరం చూడాలన్నావు కదా."

పెద్దాఫీసు బండ్ల డిపోలో పదిహేడు మంది వరసలో ఉన్నారు. ఆడవాళ్లలో ఆవిడ ఒక్కతే. పరీక్ష పెట్టే అధికారిణి చేతిలో కొలతల టేపుతో గంభీరంగా ఉంది. ఒంటె చూడ్డానికొచ్చాడు, కట్టు ఇంకా విప్పలేదు. "అక్కా, క్లిప్పు పనిచేస్తోందా?" అని అరిచాడు. "నీ ఎముక సంగతి చూసుకో," అంది.

మొదటిసారి వచ్చింది. తెల్లగీత కనబడింది. పద్నాలుగు రోజుల్లో చూడని గీత, సున్నంతో కాకుండా మెరిసే రంగుతో వేసిన గీత. కళ్లు దానికి అతుక్కుపోయాయి. గీత వచ్చేసరికి ముప్పై ఆరేళ్ల అలవాటు ముందుగా కదిలింది. కాలు తొక్కేసింది. చేతికి గుర్తొచ్చేసరికి సగం దూరం అయిపోయింది.

అధికారిణి టేపు పరిచి చూసింది. "పదహారున్నర. ఇంకోసారి మిగిలింది."

ఆవిడ బండిని పక్కకు తీసి ఇంజను ఆపింది. సార్టింగు గది కిటికీ, కిటికీలో గోడ, గోడమీద పెచ్చులూడిన సున్నం. అది కళ్లముందుకొచ్చింది. చేతుల్ని ఉత్తరాల సంచీ గుడ్డకు రుద్దుకుని, ఆగి ఉన్న బండి మీదే ముందు బ్రేకు పదిసార్లు పిండింది. మెల్లగా, తర్వాత గట్టిగా. డిపో చివర ప్రహరీ గోడ మీద నీళ్ల ట్యాంకు ఉంది. ట్యాంకుకు ఆనించిన నిచ్చెన మీద ఎవరో రంగు వేస్తున్నాడు. అతని చొక్కా ఆకుపచ్చది. దాన్ని గుర్తుపెట్టుకుంది.

రెండోసారి బయల్దేరింది. ఆకుపచ్చ చొక్కా చూస్తూనే వచ్చింది. గీత కిందుగా ఎక్కడో వెళ్లిపోయింది. వేళ్లు పిండాయి. బండి ముందుకు వంగింది. వంగిన చోటే గట్టిగా పిండింది. కాలు ఊరికే తోడుగా ఉంది. ఆగాక కూడా ఆవిడ ఆకుపచ్చ చొక్కానే చూస్తోంది.

"పదకొండు మీటర్ల ఇరవై," అంది అధికారిణి. నేల చూసింది. "టైరు గీత లేదు."

ఇక తడి నేల. ఒక్కటే అవకాశం. పైపుతో నీళ్లు కొట్టారు. ఆవిడకంటే ముందు వెళ్లిన ఇద్దరు జారి గీత దాటిపోయారు, ఒకడు బండితో సహా పడ్డాడు. ఆవిడ వచ్చింది. పిండింది. ముందు చక్రం పట్టు తప్పింది, వెంట్రుకవాసి. ఎవరూ అరవలేదు. వేళ్లు వాటంతటవే వెంట్రుకవాసి వదిలాయి, చక్రం తిరిగింది, మళ్లీ పిండాయి. బండి మెల్లగా, పెద్దమనిషి కుర్చీలో కూర్చున్నట్టు ఆగింది.

టేపు పరిచారు. పదిహేను మీటర్ల ఎనభై.

"మధ్యలో వదిలి మళ్లీ పట్టారు," అంది అధికారిణి కాగితం రాస్తూ. "చాలామంది అక్కడ ఇంకా గట్టిగా పట్టేసి పడిపోతారు. ఎక్కడ నేర్చుకున్నారు?"

"మా అల్లుడి దగ్గర."

అధికారిణి తలెత్తి చూసింది, ఎగతాళి కాదు కదా అని. "అత్తగారికి నేర్పాడా? ధైర్యం గల మనిషే."

"లేదు," అంది టెలిగ్రాం. "మర్యాద గల మనిషి. ధైర్యం తర్వాత వచ్చింది."

అది విని ఒంటె ఒక్క చేత్తో తొడ మీద చరిచి చప్పట్లు కొట్టాడు. టెలిగ్రాం ఒకేసారి ఏడు మాటలు మాట్లాడిందని సాయంత్రానికి ఆఫీసంతా తెలిసింది.

ఆవిడ ఆఫీసుకు ముందు షాపుకు వెళ్లింది. అల్లుడు స్టాండు వేసిన ఒక బండికి అవతలి వైపు నేలమీద కూర్చుని పని చేస్తున్నాడు. ఇవతలినుంచి చూస్తే చక్రం పుల్లల మధ్యగా అతని చేతులు, మోకాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"నెగ్గాను."

"తెలుసత్తయ్యా. ఒంటె ఫోన్ చేశాడు." చేతులు ఆగాయి. అతను లేవబోయాడు.

"లేవకు. పని చేసుకుంటూ విను. మొహం చూస్తే నాకు మాట రాదు."

చేతులు మళ్లీ కదిలాయి. ఆవిడ స్టూలు లాక్కుని ఇవతలి వైపు కూర్చుంది. చెప్పవలసింది దారిలో కూడబలుక్కుని వచ్చింది. ఇప్పుడు అందులో ఒక్క ముక్కా గుర్తులేదు.

"ఆదివారాలు నువ్వు మనుషులతో మాట్లాడలేక బండి దగ్గర దాక్కుంటావనుకున్నాను. పక్కింట్లో అలాగే చెప్పాను కూడా. ఇవాళ వెళ్లి మళ్లీ చెబుతాను వాళ్లకి." ఊపిరి తీసుకుంది. "ఆరేళ్లు ఆ కొండ నా తెలివితో దిగాననుకున్నాను. నువ్వు వేసిన షూల మీద దిగాను. ఒక్కరోజు నువ్వు రాకపోయినా నాకు తెలిసేది కాదు. పడ్డాక తెలిసేది. నువ్వు రాని ఆదివారం ఒక్కటీ లేదు. అమ్మాయి పురుటికెళ్లినప్పుడు కూడా ఆసుపత్రినుంచి వచ్చి కడిగి వెళ్లావు. నేను కాఫీ తాగుతావా అని కూడా అడగలేదు ఆరోజు. చెప్పాలని ఇంకా చాలా ఉంది. నాకు ఇంతే వచ్చు. నీ రుణం తీరేది కాదు, తీర్చుకోవాలని కూడా నాకు లేదు. ఉండనీ అలా."

చేతులు ఒక నట్టును బిగిస్తూనే ఉన్నాయి. ఆ నట్టు ఎప్పుడో బిగిసిపోయిందని ఆవిడకు కూడా అర్థమైంది. అతను ముంజేత్తో మొహం తుడుచుకున్నట్టు పుల్లల మధ్యనుంచి కనబడింది. చెమట కావచ్చు. షాపులో ఉక్కగానే ఉంది.

నట్టు మీద అతని చేతులు ఆగాయి.

"అత్తయ్యా, మీ పక్కన బల్లమీద పద్నాలుగు నంబరు స్పానరుంది. ఇలా ఇస్తారా?"

పెళ్లయిన ఆరేళ్లలో అతను ఆవిడను ఒక గ్లాసు నీళ్లు కూడా అడగలేదు. ఆవిడ లేచి బల్లమీద వెతికింది. పది పన్నెండు స్పానర్లున్నాయి, అన్నీ ఒకేలా జిడ్డుగా. ఒకటి తీసి, యూనిఫారం అంచుకు తుడిచి, చక్రం పుల్లల మధ్యనుంచి అందించింది.

అతను దాన్ని తిప్పి చూశాడు.

"ఇది పన్నెండు, అత్తయ్యా."

"ఉండు," అంది ఆవిడ. కళ్లజోడు సర్దుకుని మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లింది.